ఇరుకైన బానెట్ కింద డీజిల్ టర్బో విప్పడం: మూడో నట్టు కంటికి కనిపించదు, చేతికి అందదు

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), శనివారం రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. నాది 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్ ఉన్న సెడాన్. నాలుగేళ్ల క్రితం కళింగపట్నంలో ఒకరి దగ్గర పాత బండిగా కొన్నాను. ఇప్పటికి 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు దాటగానే బానెట్ కింద నుంచి అంబులెన్సు సైరన్ లాంటి కూత వస్తోంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలిపొగ వీధి మలుపు వరకు పరుచుకుంటోంది. మొన్న విశాఖ నుంచి వస్తుండగా రణస్థలం దాటాక బండి ఒక్కసారిగా లాగడం మానేసింది. ఇసుక లారీలు కూడా నన్ను దాటిపోతుంటే ఎడమ అంచు పట్టుకుని ఎలాగో ఎచ్చెర్ల మీదుగా ఇల్లు చేరాను. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ కింది గీతను కూడా అంటుకోలేదు.

పట్టణంలో చూపించిన వర్క్‌షాపులో టర్బో (బయటికి పోయే పొగ తోపుతో చక్రం తిప్పి ఇంజన్‌లోకి గాలిని ఒత్తే పరికరం) మొత్తం కొత్తది వేయాలన్నారు, దానికోసం ఇంజన్ దించవలసి రావచ్చన్నారు. వారు చెప్పిన ఖర్చు ఈ బండి నేటి ధరలో మూడో వంతు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవాణ్ని, మెకానిక్‌ను కాను. అయినా బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, ఒకసారి క్లచ్ కేబులు ఇంటి షెడ్డులోనే మార్చుకున్న అలవాటు ఉంది కాబట్టి ధైర్యం చేశాను.

ఇంజన్ అడ్డంగా ఉంది. టర్బో దాని వెనుక, ఫైర్‌వాల్‌కూ (ఇంజన్‌కూ కూర్చునే చోటుకూ మధ్యనున్న రేకు గోడ) ఇంజన్‌కూ మధ్య ఉన్న సందులో దిగబడి ఉంది. నా అరచెయ్యి నిలువుగా దూరుతుంది గానీ లోపల తిరగదు. టర్బోను ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డుకు (సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే ఇనుప గొట్టం) పట్టి ఉంచేవి మూడు నట్లు. పై రెండూ కనిపిస్తున్నాయి, మూడోది కింద ఉంది. దాన్ని వేలి కొసతో తడిమి, ఉన్నదని నమ్మడమే తప్ప ఇంతవరకు చూడలేదు. పై నుంచి వెళ్లాలా, కింద నుంచి వెళ్లాలా? ఇంజన్ దించకుండా ఈ పని అయ్యే మార్గం ఉందా?

సాలూరు_లారీ (సాలూరు), శనివారం రాత్రి 9:52

మాస్టారూ, పానా పట్టే ముందు ఒక మాట. అది టర్బో జబ్బేనని తేల్చుకున్నారా? మాది మూడు తరాల లారీల కుటుంబం. సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు నల్లపొగ కక్కి నిలబడిపోయిన బండికి టర్బో పోయిందని కొత్తది వేయించి, తీరా చూస్తే ఇంటర్‌కూలర్ (టర్బో ఒత్తిన గాలిని చల్లబరిచే జల్లెడ పెట్టె) హోస్ అడుగున బెత్తెడు చీలిక కనబడిన సందర్భం మా ఇంట్లోనే జరిగింది. ఆ చీలిక బండి నిలబడి ఉన్నప్పుడు మూసుకుని ఉంటుంది, ఒత్తిడి వచ్చినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకని ఊరికే కంటితో చూసి బాగుందనకండి, చేత్తో మెలితిప్పి చూడండి.

పొగ రంగు కూడా కొంత చెబుతుంది. నల్లపొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదు, అంటే హోస్ చీలినా, ఫిల్టర్ మూసుకున్నా, టర్బో తిరగకున్నా అదే పొగ. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. మీరు నీలి అన్నారు కాబట్టి అనుమానం టర్బో మీదికి వెళ్లడం సహజమే, కానీ పిస్టన్ రింగులు, వాల్వు సీళ్లు కూడా అదే రంగు ఇస్తాయి. ఇంకొకటి, క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగు పెట్టె) ఊపిరి గొట్టం మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఏ తప్పూ లేని టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది.

ఎయిర్ ఫిల్టర్ వైపు హోస్ విప్పి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టర్బో చక్రం మధ్యనున్న ఇరుసు కొసను రెండు వేళ్లతో పట్టుకోండి. పక్కలకు కొద్దిగా కదిలితే కంగారు పడవద్దు, ఆయిల్ పొర మీద తేలే బేరింగులకు ఆ మాత్రం ఆట ఉండాలి. ముందుకూ వెనక్కూ కదలిక వేలికి తెలిసేంత ఉంటే, లేదా చక్రం రెక్కలు గోడను రాసుకున్న గీతలు కనబడితే, అప్పుడు విప్పండి.

నాగావళి_గట్టు, ఆదివారం ఉదయం 11:30

మీరు చెప్పినట్టే చూశాను. హోస్‌లు బాగున్నాయి. ఊపిరి గొట్టం ఊడదీసి ఊదితే గాలి ధారాళంగా పోయింది. టర్బో నోట్లో చెయ్యి పెట్టి ఇరుసును లాగితే టక్కుమని ముందుకు వచ్చింది, తోస్తే టక్కుమని వెనక్కు పోయింది. టార్చి వేసి చూస్తే అల్యూమినియం గోడ మీద కొత్త రూపాయి బిళ్ల అంచులా మెరిసే వలయం ఒకటి పడి ఉంది. రెక్కల కొసలు సన్నగా అరిగి, కొన్ని వంకర తిరిగాయి. హోస్ వంచితే అరకప్పు ఆయిల్ కారింది. ఇక సందేహం లేదనుకుంటాను.

పాత_పానా (విజయనగరం), ఆదివారం మధ్యాహ్నం 2:15

ఇక సందేహం లేదు. ఇంజన్ దించనవసరం కూడా లేదు. 31 ఏళ్లు డిపో వర్క్‌షాపులో బస్సుల కింద పడుకున్నవాణ్ని, పదవీ విరమణ తరువాత మా కోట జంక్షన్ చుట్టుపక్కల వారి కార్లకు చూసిపెడుతున్నాను. బస్సులో టర్బో విప్పడానికి మనిషి నిలబడి పని చేసే చోటుంటుంది. కారులో ఆ చోటును మనమే తయారు చేసుకోవాలి. చోటు చేసుకోకుండా ఉన్న సందులోనే మణికట్టు విరుచుకునేవారికి నట్టు అంచులు గుండ్రమవడం తప్ప మరొకటి జరగదు.

మొదట బ్యాటరీ నెగటివ్ తీసేయండి. వైపర్ చేతులు ఊడదీసి, అద్దం కింద ఉన్న ప్లాస్టిక్ కౌల్‌ను, దాని అడుగున రేకు తొట్టి ఉంటే దాన్ని కూడా తీయండి. దీనికి గంట పడుతుందని చాలామంది బద్ధకిస్తారు. ఆ గంట పెడితే పై నుంచి జానెడు వెలుతురు, రెండు చేతులు దూరే సందు వస్తాయి. తరువాత ఎయిర్ ఫిల్టర్ పెట్టె, గాలి గొట్టాలు తీసి, విప్పిన ప్రతి నోటినీ శుభ్రమైన గుడ్డతో మూసి టేపు వేయండి. టర్బోలోకి ఒక్క వాషర్ పడినా మీరు రెండోసారి విప్పవలసి వస్తుంది.

టర్బో వేడిని అడ్డుకునే రేకు బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. కళింగపట్నం ఉప్పుగాలి తిన్న బండి అన్నారు కాబట్టి ఇవి తలలు ఊడిపోతాయనే అనుకుని మొదలుపెట్టండి. తుప్పు వదిలించే స్ప్రేను ఇవాళ రాత్రి ఒకసారి, రేపు పొద్దున ఒకసారి, పని మొదలుపెట్టే గంట ముందు మరోసారి కొట్టండి. వేడిగా ఉన్న మ్యానిఫోల్డు మీద మాత్రం కొట్టకండి, మంట అంటుకుంటుంది.

ఇక వరస. ఏది కష్టమో దాన్ని ముందు కదిలించాలి, ఎందుకంటే మిగిలినవన్నీ బిగించి ఉన్నప్పుడే టర్బో కదలకుండా నిలబడి మన బలం నట్టు మీదికి సూటిగా పోతుంది. పై రెండు నట్లూ తీసేసి మూడోదాని మీద పడితే టర్బో బరువంతా ఆ ఒక్క స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) మీద వేలాడి పానా పట్టు తప్పుతుంది. కాబట్టి మూడో నట్టును ముందు పావు చుట్టు వదులు చేసి, అక్కడే ఉంచి, అప్పుడు సైలెన్సర్ వైపు ఫ్లాంజి (గొట్టాలు కలిసే అంచు), ఆయిల్ వచ్చే పైపు, ఆయిల్ దిగే పైపు, చివరన పై నట్లు విప్పండి. పన్నెండు మూలల సాకెట్ వాడవద్దు, ఆరు మూలలది వాడండి. విప్పే ముందు బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పండి, తుప్పు పగిలే చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు వినబడితే సగం పని అయినట్టే.

నరసన్నపేట_కొత్తవాడు, ఆదివారం సాయంత్రం 4:05

గురువుగారూ, టర్బో విప్పకుండానే ఆయిల్‌లో కలిపే మందులు, గాలి గొట్టంలోంచి కొట్టే స్ప్రేలు అమ్ముతున్నారు కదా. వాటితో ముందు ప్రయత్నించకూడదా?

పాత_పానా, ఆదివారం సాయంత్రం 4:20

రెక్కల మసి వల్ల టర్బో బిగుసుకుపోయినప్పుడు అలాంటివి ఎంతో కొంత పనిచేస్తే చేయవచ్చు. రెక్కలు గోడను రాసుకున్న టర్బోకు మందు లేదు. ఈ చిన్న టర్బోల ఇరుసు పూర్తి వేగంలో నిమిషానికి 2,00,000 చుట్ల వరకు తిరుగుతుంది, అంటే సెకనుకు మూడు వేలకు పైగా. ఆ వేగంలో బేరింగుకూ ఇరుసుకూ మధ్య మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన ఉండే ఆయిల్ పొర తప్ప మరో ఆధారం లేదు. అరిగిపోయిన ఇనుము సీసాలో నుంచి తిరిగి రాదు నాయనా.

బొబ్బిలి_డీజిల్ (బొబ్బిలి), ఆదివారం రాత్రి 8:40

పాత_పానా గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను గత ఆరేళ్లలో ఇలాంటి వెనుక టర్బో కార్లు తొమ్మిది విప్పాను. కౌల్ తీసినా మూడో నట్టు పై నుంచి అందదు. నా పద్ధతి వేరు. మ్యానిఫోల్డును, టర్బోను విడదీయకుండా ఒకే ముద్దగా సిలిండర్ హెడ్ (ఇంజన్ పై భాగం) నుంచి విప్పి, బల్ల మీద పెట్టుకుని తీరికగా ఆ మూడు నట్లూ తీస్తాను. సందులో కుస్తీ పట్టవలసిన పని లేదు.

పాత_పానా, ఆదివారం రాత్రి 9:05

మీ పద్ధతిలో బల్ల మీద సుఖం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇనుప మ్యానిఫోల్డులో స్టడ్డు విరిగితే డ్రిల్లు వేసి, కాల్చి, ఏదో ఒకటి చేసుకోవచ్చు. అల్యూమినియం హెడ్డులో మ్యానిఫోల్డు స్టడ్డు విరిగితే? మూడు నట్లకు భయపడి ఎనిమిది నట్లతో జూదం ఆడడం నాకు సమ్మతం కాదు.

బొబ్బిలి_డీజిల్, ఆదివారం రాత్రి 9:18

తొమ్మిదింటిలో ఒక్కటే విరిగింది. అది కూడా నా తొందరపాటు వల్లనే.

సూర్యకాంతి (అరసవల్లి), ఆదివారం రాత్రి 10:02

నమస్కారమండి. మా నాన్నగారి ట్యాక్సీకి నిరుడు ఇదే పని చేయించాము, నేను పక్కనే ఉండి చూశాను. వాళ్లు రెండు పద్ధతులూ పాటించలేదు. బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, కుడి చక్రం తీసి, ఇంజన్ వెనుక నుంచి పోయే కుడి డ్రైవ్ షాఫ్టును ఊడదీశారు. దాని వల్ల టర్బో కిందికి చెయ్యి పోయే బాట ఏర్పడింది. అప్పటికీ ఎక్స్‌టెన్షన్ (సాకెట్‌కు తగిలించే కడ్డీ) సూటిగా పోలేదు. అప్పుడు ఇంజన్ అడుగున వెనుక వైపు ఉండే, ఇంజన్ ఊగకుండా పట్టే టార్క్ రాడ్ బోల్టు విప్పి, ఇద్దరు మనుషులు ఇంజన్‌ను రేడియేటర్ వైపు తోసి, మధ్యలో చెక్క దిమ్మ పెట్టారు. ఇంజన్ నాలుగు వేళ్ల వెడల్పున ముందుకు వంగింది. ఆ నాలుగు వేళ్ల సందే సరిపోయింది. షాఫ్టు తీస్తే గేర్‌బాక్స్ ఆయిల్ కొంత కారుతుంది, కింద పళ్లెం పెట్టుకోండి, తరువాత మరిచిపోకుండా మట్టం నింపండి.

కానీ నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది కాదు. ఆ కొత్త టర్బో 300 కిలోమీటర్లు కూడా తిరగలేదు. టెక్కలి వెళ్లి వచ్చేలోపే మళ్లీ అదే కూత. పాతది ఎందుకు చచ్చిందో ఎవరూ అడగలేదు. ఆయిల్ వచ్చే పాత పైపునే తుడిచి మళ్లీ బిగించారు. దాన్ని కోసి చూపిస్తే లోపల పొయ్యి గొట్టంలా మసి గట్టిపడి, గుండుసూది దూరే రంధ్రం మిగిలింది. మాస్టారూ, దయచేసి ఆ పైపు, దాని బోల్టు, రాగి వాషర్లు కొత్తవి తెచ్చుకున్నాకే పని మొదలుపెట్టండి.

పాత_పానా, ఆదివారం రాత్రి 10:30

అమ్మా, ఈ మొత్తం చర్చలో అందరికన్నా ముఖ్యమైన మాట మీరు చెప్పారు. టార్క్ రాడ్ కిటుకు కూడా సరైనదే, నేనే ముందు రాయవలసింది. తోసేటప్పుడు రేడియేటర్ ఫ్యానుకు తగలకుండా, ఏసీ పైపులు, వైర్ల కట్టలు సాగకుండా ఒక మనిషి చూస్తూ ఉండాలి.

నాగావళి_గట్టు, బుధవారం రాత్రి 10:45

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. మూడు సాయంత్రాలు షెడ్డులోనే గడిచాయి.

కౌల్ తీశాను. పాత_పానా గారు చెప్పినట్టు వెలుతురు వచ్చింది. డ్రైవ్ షాఫ్టు తీశాను. మా తమ్ముడూ నేనూ కలిసి ఇంజన్‌ను ముందుకు తోసి చెక్క దిమ్మ పెట్టాము. అప్పుడు మొదటిసారి పళ్ల డాక్టర్లు వాడే లాంటి చిన్న అద్దంలో ఆ మూడో నట్టు కనిపించింది. నాలుగు రోజులుగా తడుముతున్న వస్తువు ముఖం చూడడం వింత అనుభవం. పొట్టి ఎక్స్‌టెన్షన్, వంగే జాయింటు, దాని మీద 13 మిల్లీమీటర్ల సాకెట్, వెనుక రెండడుగుల ఎక్స్‌టెన్షన్. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి మొదట రెండుసార్లు బిగించే వైపు తిప్పాను. మూడోసారి సరైన వైపు తిప్పితే టక్కుమని శబ్దం వచ్చింది. నట్టు వదిలిందని మా తమ్ముడు చప్పట్లు కొట్టాడు. తీరా చూస్తే నట్టు సాకెట్‌లో ఉంది, దానితో పాటు స్టడ్డులో సగం కూడా ఉంది.

పై రెండూ బుద్ధిగా వచ్చాయి. టర్బో బయటికి వచ్చింది. మ్యానిఫోల్డులో విరిగిన స్టడ్డు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే పైకి కనబడుతోంది. ఇప్పుడేం చేయాలి? బండి మీదే నట్టు పెట్టి వెల్డింగ్ చేయించవచ్చా?

బొబ్బిలి_డీజిల్, బుధవారం రాత్రి 11:00

నేను నోరు మూసుకుంటున్నాను. కానీ మ్యానిఫోల్డు ఇప్పుడు విప్పక తప్పదు, గమనించగలరు.

సాలూరు_లారీ, బుధవారం రాత్రి 11:12

బండి మీద వెల్డింగ్ వద్దు. ఆ సందులో బ్రేకు పైపులు, డీజిల్ పైపులు, వైర్లు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. చేయించక తప్పకపోతే బ్యాటరీతో పాటు ఇంజన్ కంట్రోల్ యూనిట్ కనెక్టర్లు కూడా తీయించాలి. బయటికి తీసి లేత్ షాపుకు పట్టుకెళ్లడమే క్షేమం. మ్యానిఫోల్డు నట్లను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, మధ్య నుంచి కాక చివరల నుంచి లోపలికి, ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున వదులు చేయండి.

నాగావళి_గట్టు, శుక్రవారం రాత్రి 9:35

మ్యానిఫోల్డు నట్లు ఎనిమిదీ ఒక్కటి కూడా విరగకుండా వచ్చాయి. పాత_పానా గారి భయం నిజం కాలేదు, బొబ్బిలి వారి జోస్యం నిజమైంది. ఇద్దరికీ నమస్కారం.

లేత్ షాపు పెద్దాయన చేసిన పని రాయకుండా ఉండలేను. మొదట విరిగిన మొన మీద చిన్న నట్టు పెట్టి మధ్యలోంచి వెల్డింగ్ నింపాడు. అది ఎర్రగా ఉండగానే వదిలేసి, మ్యానిఫోల్డులో స్టడ్డు చుట్టూ గ్యాస్ మంట పట్టాడు. మంట తీసి, జేబులోంచి పూజ గదిలో వాడే మామూలు కొవ్వొత్తి తీసి స్టడ్డు మొదట్లో ఆనించాడు. మైనం కరిగి, పొగ వచ్చి, మర సందుల్లోకి పీల్చుకుపోయింది. ఒక నిమిషం ఆగి పానా పెట్టి అటూ ఇటూ ఊపుతూ తిప్పితే, నాలుగు రోజులు నన్ను ఏడిపించిన ఆ ఇనుప ముక్క వెన్నలో కత్తిలా బయటికి వచ్చింది. తరువాత 8 మిల్లీమీటర్ల ట్యాపు పెట్టి మరలు శుభ్రం చేశాడు. మూడు స్టడ్లూ కొత్తవి వేయించాను.

ఇక సూర్యకాంతి గారు చెప్పిన మాట. ఆయిల్ వచ్చే పైపు చివరి బోల్టు మధ్యలో బోలుగా ఉంది. అందులో వరిగింజంత పొడవున్న సన్నని జాలీ ఒకటి ఇమిడి ఉంది. దాన్ని సూదితో బయటికి లాగి తెల్ల కాగితం మీద పెట్టాను. జాలీ అని తెలిసేలా లేదు. వత్తి కాలి మిగిలిన మసిలా నల్లగా ముద్దకట్టి ఉంది. నోటితో ఊదితే గాలి పోలేదు. టర్బోకు ఆయిల్ అందక చచ్చిందన్న సంగతి దీనితో తేలిపోయింది. ఈ మసి ఎక్కడి నుంచి వచ్చింది?

పాత_పానా, శుక్రవారం రాత్రి 10:10

ఇప్పుడు అడిగారు అడగవలసిన ప్రశ్న. రెండు చోట్ల చూడండి. ఒకటి, మీకన్నా ముందు ఉన్నవారు ఆయిల్‌ను ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చారో. గడువు దాటిన ఆయిల్ టర్బో వేడికి మాడి గట్టిపడుతుంది. హైవే మీద దౌడు తీయించి వచ్చి వెంటనే తాళం తిప్పేస్తే, ఎర్రగా కాగిన టర్బో పొగ వైపు చక్రం పక్కనే ఆయిల్ నిలబడిపోయి అక్కడికక్కడే మాడుతుంది. రెండు, ఇంజెక్టర్ల అడుగున ఉండే రాగి వాషర్లు. వాటిలో ఒకటి లీకైతే మండిన వాయువు పైకి తన్ని, ఇంజెక్టరు చుట్టూ తారు లాంటి నల్లని ముద్ద పేరుకుంటుంది. కొన్ని ఇంజన్లలో ఆ మసి ఆయిల్‌లో కూడా కలుస్తుంది. పై మూత తీసి చూడండి.

ఏది కారణమైనా ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు విప్పి, పంపు పీల్చే జాలీని కడగకుండా కొత్త టర్బో వేయకండి. పై జాలీ మూసుకుపోయిందంటే కింది జాలీ శుభ్రంగా ఉండే అవకాశం తక్కువ. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేసి, 500 కిలోమీటర్లకే రెండింటినీ మళ్లీ మార్చండి. ఖర్చు అనిపిస్తుంది, టర్బో కన్నా తక్కువే.

నరసన్నపేట_కొత్తవాడు, శనివారం ఉదయం 8:15

టర్బో మొత్తం కొనాలా, మధ్య భాగం ఒక్కటే మార్చుకోవచ్చా?

బొబ్బిలి_డీజిల్, శనివారం ఉదయం 9:00

మధ్య భాగాన్ని కార్ట్రిడ్జి అంటారు. ఇరుసు, రెండు చక్రాలు, బేరింగులు అన్నీ అందులోనే ఉంటాయి. గాలి వైపు గుల్లను రెక్కలు లోతుగా గీరి ఉండకపోతే, పొగ వైపు గుల్ల పగిలి ఉండకపోతే కార్ట్రిడ్జి మార్చుకోవచ్చు. అయితే దాన్ని యంత్రం మీద తిప్పి బ్యాలెన్సు చేసిన కాగితం ఇచ్చేవారి దగ్గరే కొనండి. లక్షల చుట్లు తిరిగే వస్తువులో గోటి గీరంత బరువు తేడా కూడా బేరింగును తినేస్తుంది. విప్పే ముందు రెండు గుల్లలూ ఏ కోణంలో ఉన్నాయో ఉలితో గీత పెట్టుకోకపోతే, బిగించాక గొట్టాలు ఎదురెదురు కుదరవు. మాస్టారి టర్బోలో గోడ మీద మెరిసే వలయం పడింది అన్నారు. వేలి గోరుకు తగిలితే గుల్ల కూడా మార్చవలసిందే.

నాగావళి_గట్టు, శనివారం రాత్రి 8:20

గోరుకు తగిలింది. విశాఖలో మొత్తం టర్బోనే తెచ్చాను. రెండో ఇంజెక్టరు చుట్టూ ముక్కాలి పీట కాలికి అంటిన తారులా నల్ల ముద్ద ఉంది. నాలుగు వాషర్లూ మార్చాను. సంపు విప్పితే పీల్చే జాలీ సగానికి పైగా మూసుకుపోయి ఉంది.

సాలూరు_లారీ, శనివారం రాత్రి 8:50

బిగించే ముందు ఇంటర్‌కూలర్ విప్పి బోర్లించండి. పాత టర్బో కక్కిన ఆయిల్ అంతా అందులో నిలవ ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఇంజన్ ఆ ఆయిల్‌ను పీల్చి డీజిల్‌లా కాల్చుకుని, మీ ప్రమేయం లేకుండానే ఉరకడం మొదలుపెడుతుంది. అప్పుడు తాళం తీసినా ఆగదు, ఎందుకంటే అది తాగుతున్నది డీజిల్ కాదు. అలా జరిగితే దూరంగా పరుగెత్తడమో, లేదా సీట్లోనే ఉంటే బ్రేకు పూర్తిగా తొక్కి, ఐదో గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపడమో చేయాలి. గాలి నోటిని చేత్తో మూయబోయి వేళ్లు పోగొట్టుకోకండి. మా దగ్గర ఒక లారీ ఇంజన్ ఇలాగే అరిచి అరిచి ముక్కలైంది. ఆ అరుపు వీధి వీధంతా విన్నది.

పాత_పానా, శనివారం రాత్రి 9:30

ఇంటర్‌కూలర్ మాట నేనూ రాద్దామనుకుంటున్నాను. మిగిలినది బిగింపు. ఆయిల్ దిగే పైపు ప్యాకింగు దగ్గర సిలికాన్ పూయవద్దు. లోపలికి ఉబ్బిన సిలికాన్ ఊడి దారి మూసేస్తుంది. టర్బోలోంచి ఆయిల్ సంపులోకి తన బరువుతోనే దిగాలి, దాన్ని తోసే పంపు ఏదీ లేదు. మ్యానిఫోల్డు నట్లు పాతవి వాడకండి. అన్నిటినీ చేత్తో ఎక్కించాకే బిగింపు బలం కొలిచే టార్క్ రెంచి పట్టండి, కొలత మీ బండి మాన్యువల్‌లో చూడండి. ఆయిల్ పైపు బిగించే ముందు రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి, చక్రాన్ని వేలితో తిప్పండి. తరువాత ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీసి, పదేసి సెకన్ల చొప్పున స్టార్టరు తిప్పండి, మధ్యలో దానికి విశ్రాంతినివ్వండి. డ్యాష్‌బోర్డు మీది ఆయిల్ దీపం ఆరాక కనెక్టర్లు పెట్టి స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు యాక్సిలరేటర్ ముట్టకుండా ఊరికే తిరగనివ్వండి.

నాగావళి_గట్టు, సోమవారం రాత్రి 9:15

ఇంటర్‌కూలర్‌లోంచి ముప్పావు లీటరు ఆయిల్ వచ్చింది. సాలూరు వారు ఆ మాట చెప్పి ఉండకపోతే ఏమయ్యేదో తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది.

బిగించడం విప్పినంత కష్టం కాలేదు. కొత్త స్టడ్డు, కొత్త నట్టు కాబట్టి ఆ మూడోది కూడా వేళ్లతోనే ఎక్కింది. చెక్క దిమ్మ తీసి టార్క్ రాడ్ బిగించాము. గేర్‌బాక్స్ ఆయిల్ నింపాను. స్టార్టరు నాలుగు విడతలు తిప్పితే ఆయిల్ దీపం ఆరింది. స్టార్ట్ చేశాక మొదటి రెండు నిమిషాలు సైలెన్సరులో మిగిలిన పాత ఆయిల్ కాలి తెల్లని పొగ వచ్చింది, తరువాత తేటపడింది. ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసినందుకు వెలిగిన హెచ్చరిక దీపాన్ని స్కానరుతో తుడిపించాను. ఇవాళ ఉదయం ఆమదాలవలస వెళ్లి వచ్చాను. కూత లేదు, రైల్వే గేటు దాటాక మూడో గేరులో బండి పాత రోజుల్లోలాగా లాగింది. డిప్‌స్టిక్ గీత కదలలేదు.

వర్క్‌షాపు వారు ఎనిమిది గంటల పని అన్నారు, నాకు తొమ్మిది సాయంత్రాలు పట్టింది. ఒక్క అనుమానం మిగిలింది. కౌల్ బిగించాక రెండు క్లిప్పులు, ఒక 10 సాకెట్ లెక్క తేలలేదు. క్లిప్పులు విరిగాయని గుర్తుంది. సాకెట్ మాత్రం ఎక్కడుందో తెలియడం లేదు.

సూర్యకాంతి, సోమవారం రాత్రి 9:40

ఇంజన్ కింద ప్లాస్టిక్ పళ్లెం విప్పి చూడండి మాస్టారూ. మా నాన్నగారి బండిలో అక్కడే దొరికింది, దానితో పాటు అంతకు ముందెవరో పోగొట్టుకున్న 12–13 రింగు పానా కూడా దొరికింది.

నాగావళి_గట్టు, మంగళవారం ఉదయం 7:05

పళ్లెంలోనే ఉంది. 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చినప్పుడు కొత్త ఫిల్టరును కోసి, అందులో మసి ఎంత ఉందో ఇక్కడే ఫోటో పెడతాను.